ధర్మపీఠమా, నీ మాట గొప్పది

అత్యున్నత న్యాయస్థానమా! మనిషి స్వేచ్ఛ గురించి ఈ దేశంలో నీ అంత బాగా మాట్లాడినవారు లేరు. పార్లమెంటు మాట్లాడలేదు, ప్రభుత్వాలు మాట్లాడలేదు, పార్టీలైతే తమ నాయకుడు లోపల ఉన్నన్నాళ్లే మాట్లాడాయి. 1977 నుంచి బెయిలు మీద నువ్వు రాసిన తీర్పులను వరుసగా పేర్చుకుని చదివితే, కూలివాడి ఒక్క రోజు స్వేచ్ఛ కూడా ఎంత విలువైనదో తెలుస్తుంది. అందుకే నిన్ను పొగడాలనుకున్నాను. ఈ పొగడ్తలో ఒక్క మాట కూడా మెప్పు కోసం రాసింది కాదు.

దేవుణ్ణి ఇలా పొగిడిన పెద్దలు మనకున్నారు. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్ర మహావిష్ణువును ఒక శతకం నిండా పొగుడుతూ నిలదీశాడు. కంచెర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో ఉండి, తాను చేయించిన నగల లెక్కను రాముడికే వినిపించాడు. ఇద్దరిదీ భక్తే. నమ్మకం లేనివాడు నిలదీయడు, మౌనంగా ఇంకో గుడికి వెళ్లిపోతాడు. పౌరుడికి నీ తర్వాత వెళ్లడానికి ఇంకో గుడి కూడా లేదు. చట్టం కూడా ఈ ధైర్యానికి కొంత తోడుంది. 1971 నాటి కోర్టు ధిక్కార చట్టానికి 2006లో చేసిన సవరణ, ప్రజాహితం కోసం నిజాయతీగా చెప్పిన సత్యాన్ని రక్షణగా ఒప్పుకుంటుంది. కనుక నీ తీర్పుల్లో ఉన్నదీ, ప్రభుత్వ లెక్కల్లో ఉన్నదీ మాత్రమే చెబుతాను.

1977 సెప్టెంబరులో రాజస్థాన్ నుంచి వచ్చిన బాల్‌చంద్ కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ నోట నువ్వు ఒక నియమం చెప్పావు. బెయిలే మూలసూత్రం, జైలు కాదు అన్నావు. దేశంలోని ప్రతి కోర్టు వరండాలో ఈ మాట ఇవాళ వినిపిస్తుంది. మూడు నెలలు తిరక్కుండానే, డిసెంబరులో, మన ఆంధ్రప్రదేశ్ నుంచి గుడికంటి నరసింహులు కేసు వచ్చింది. సెషన్స్ కోర్టు నిర్దోషులన్నవారికి హైకోర్టు శిక్ష వేసింది. అప్పీలు నీ దగ్గర పెండింగులో ఉంది. ఆ చిన్న ఉత్తర్వులో కృష్ణయ్యర్ ఒప్పుకున్న నిజం ఇప్పటికీ చదివేవాణ్ణి ఆపేస్తుంది. బెయిలివ్వాలా వద్దా అన్నది చాలావరకు న్యాయమూర్తికి ఆ పూట ఏమనిపించిందన్న దాని మీదే ఆధారపడుతోందని ఆయన రాశాడు. అది అలా ఉండకూడదని, విచక్షణకు రాజ్యాంగంలోని 21వ అధికరణం హద్దులు గీయాలని అన్నాడు. బయట ఉన్న నిందితుడు తన వాదన సిద్ధం చేసుకోగలడు, లోపల ఉన్నవాడికి ఆ వీలుండదు, పైగా అతన్ని పోషించే ఖర్చు ప్రజలదే అన్నాడు. తెలుగు నేల నుంచి వెళ్లిన ఒక కేసు దేశానికంతటికీ ఇంత మంచి పాఠమైనందుకు గర్వపడతాను.

ఆ మరుసటి ఏడాది వచ్చిన మోతీరామ్ తీర్పు నాకు అన్నిటికన్నా ఇష్టం. అతనొక పేద తాపీమేస్త్రీ. మధ్యప్రదేశ్ వాడు. నువ్వే బెయిలిచ్చావు. కింద మేజిస్ట్రేటు పదివేల రూపాయల పూచీకత్తు అడిగాడు. తమ్ముడు పూచీ పడతానని వస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని తోసిపుచ్చాడు. మేస్త్రీ మళ్లీ నీ దగ్గరికొచ్చాడు. కృష్ణయ్యర్‌కు ఎంత ఆగ్రహం వచ్చిందో ఆ తీర్పులో ప్రతి పేరాలోనూ కనిపిస్తుంది. పూచీ ఆ జిల్లావాడే పడాలని ఏ చట్టంలో ఉందని అడిగాడు. బస్తర్‌లోనో, పోర్ట్‌బ్లెయర్‌లోనో, చాందినీ చౌక్‌లోనో ఒక దక్షిణాది మనిషిని దొంగతనం ఆరోపణ మీద పట్టుకుంటే, అక్కడ ఆస్తులున్న జామీనుదారును అతను ఎక్కడ నుంచి తెస్తాడని అడిగాడు. ఆ జాబితాలో మన ఆంధ్రుణ్ణి కూడా చేర్చాడు. చివరికి వెయ్యి రూపాయల సొంత బాండు మీద మేస్త్రీని వదిలేయమన్నాడు. బీదవాడికి బెయిలు దక్కడం, బెయిలు నుంచి విడుదల దక్కడం రెండూ వేరువేరు సంగతులని గుర్తించిన తీర్పు అది. ఇంతకన్నా న్యాయమైన తీర్పు ఎవరు రాయగలరు?

ఇప్పుడు మన ఊరి కోర్టుకు రా. బెయిలు మంజూరైంది, పాతికవేల చొప్పున ఇద్దరి పూచీకత్తు. ఉత్తర్వులో ఒక్క వాక్యమే. బయట ఆ ఒక్క వాక్యం వెనకాల ఒక కుటుంబం రోజుల తరబడి తిరుగుతుంది. పూచీ పడేవాడికి పట్టాదార్ పాస్‌బుక్ ఉండాలి, లేదా ఇంటి పన్ను రసీదుండాలి, లేదా ఉద్యోగం ఉండి జీతం సర్టిఫికెట్ తేవాలి. భూమి విలువ మీద తహసీల్దారు కార్యాలయం నుంచి కాగితం కావాలి. ఆ పాస్‌బుక్ మీద ఇంతకుముందు ఇంకో కేసుకు పూచీ పడలేదని తేలాలి. భూమిలేని కూలివాడికి భూమి ఉన్న చుట్టం ఉండడు. భూమి ఉన్న ఆసామి దొంగతనం కేసులో ఇరుక్కున్న కూలివాడి కోసం పని మానుకుని కోర్టుకు రాడు. అప్పుడు చెట్టు కింద కూర్చున్న ఎవరో దగ్గరికొచ్చి, డబ్బిస్తే జామీను తానే పెట్టిస్తానంటాడు. ఆ డబ్బుకు అప్పు చేయాలి. అప్పు పుట్టకపోతే మనిషి లోపలే ఉంటాడు, జేబులో నీ బెయిలు ఉత్తర్వుతో.

కృష్ణయ్యర్ అడిగిన ప్రశ్నకు శేషాచలం అడవుల దగ్గర ఒక జవాబు దొరికింది. 2013 డిసెంబరులో అక్కడ ఇద్దరు అటవీ అధికారులు హత్యకు గురయ్యారు. అది ఘోరం, దోషులకు శిక్ష పడాల్సిందే. ఆ కేసులో దాదాపు మూడు వందల మంది తమిళ కూలీలను పట్టుకున్నారు. ఎక్కువమంది తమిళనాడు కొండ ప్రాంతాల పేదలు. 2016 మార్చిలో తిరుపతి కోర్టు ఆ కేసు కొట్టేసింది. అప్పటికి వాళ్లలో ఎందరో రెండేళ్లకు పైగా మన జైళ్లలో ఉన్నారు. భాష తెలియదు, ఊరు తెలియదు, పూచీ పడే మనిషి లేడు. వాళ్లను పట్టుకునేనాటికే మోతీరామ్ తీర్పు 35 ఏళ్ల నుంచీ అమల్లో ఉంది. ఇటుక బట్టీలకు ఒడిశా నుంచి తెలంగాణకు వచ్చేవాళ్లదీ, పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి దూర నగరాలకు పోయేవాళ్లదీ ఇదే స్థితి. పోలీసు స్టేషన్ మెట్లెక్కిన రోజున వాళ్లంతా పొరుగు జిల్లావాళ్లే.

2023 జనవరి 31న నువ్వు మళ్లీ ఒక మంచి ఉత్తర్వు ఇచ్చావు. బెయిలు వచ్చినా దాదాపు 5,000 మంది విచారణ ఖైదీలు జైళ్లలోనే ఉన్నారని నీ ముందుకు లెక్క వచ్చింది. రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము రాజ్యాంగ దినోత్సవాన పేద ఖైదీల గురించి ఆవేదనతో మాట్లాడిన రెండు నెలల తర్వాత మాట ఇది. బెయిలు కాగితాన్ని ఆ రోజే, లేదంటే మరునాడు ఈమెయిల్‌లో జైలుకు పంపమన్నావు. ఏడు రోజుల్లో మనిషి బయటికి రాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలన్నావు. నెల దాటితే కోర్టే తనంతట తాను షరతులు సడలించే వీలు చూడాలన్నావు. ఆ జాబితాలో చివరి మాట, స్థానిక జామీనే కావాలని పట్టుబట్టవద్దని. ఇది నువ్వు 1978లో చెప్పిన మాటే. 45 ఏళ్ల తర్వాత అదే మాటను అంతే ఓపికగా చెప్పావు. ఆ మేజిస్ట్రేటు పదవీ విరమణ చేసి ఉంటాడు, కృష్ణయ్యర్ కన్నుమూశాడు, మేస్త్రీ ఏమయ్యాడో ఎవరూ రాయలేదు. ఆ షరతు మాత్రం బతికే ఉంది. 2024 ఆగస్టులో గిరీశ్ గాంధీ కేసులో ఒక మనిషి మీద 13 కేసులుంటే, అన్నిటికీ వేర్వేరు జామీనుదారులను ఎక్కడ తెస్తాడని నువ్వే మళ్లీ అడగవలసి వచ్చింది.

నీ ఓపికకు నిజంగా చేతులెత్తి మొక్కుతాను. 1979లో హుస్సైనారా ఖాతూన్ కేసులో, మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షకన్నా ఎక్కువ కాలం విచారణ లేకుండా లోపల మగ్గిన బిహార్ ఖైదీల కథ విని జస్టిస్ భగవతి త్వరిత విచారణను ప్రాథమిక హక్కుగా నిలబెట్టాడు. న్యాయవాది కపిల హింగోరాని, పత్రికలో వచ్చిన కథనాలు చదివి నీ దగ్గరికి తెచ్చిన కేసది. వేల మంది విడుదలయ్యారు. 2005లో పార్లమెంటు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 436ఎ సెక్షన్ చేర్చింది: గరిష్ఠ శిక్షలో సగం లోపలే గడిపినవాణ్ణి వదిలేయాలి. అమలు కాలేదు. 2014లో భీమ్‌సింగ్ కేసులో, న్యాయాధికారులు వారానికోసారి జైలుకెళ్లి అలాంటివాళ్లను వెతికి అక్కడే విడుదల ఉత్తర్వులివ్వాలన్నావు. అదే ఏడాది అర్నేశ్ కుమార్ కేసులో ఏడేళ్ల లోపు శిక్షపడే నేరాలకు యాంత్రికంగా అరెస్టు చేయవద్దని పోలీసులకూ, యాంత్రికంగా రిమాండు వేయవద్దని మేజిస్ట్రేట్లకూ చెప్పావు. 2022 జులైలో సతేందర్ కుమార్ ఆంటిల్ కేసులో ఇవన్నీ మళ్లీ చెప్పి, బెయిలు అర్జీని రెండు వారాల్లో తేల్చాలని గడువు పెట్టి, బెయిలుకు ప్రత్యేక చట్టం చేయమని కేంద్రాన్ని కోరావు. 2024 ఆగస్టు 9న మనీష్ సిసోదియాకు బెయిలిస్తూ, బెయిలే నియమమన్న సంగతి కింది కోర్టులకూ హైకోర్టులకూ ఇకనైనా తెలిసిరావాలన్నావు.

ఇందులో ప్రతి తీర్పూ సరైనదే. ప్రతి తీర్పూ దాని ముందరి తీర్పు అమలు కాలేదని నువ్వే నీ చేతిరాతతో ఇచ్చిన సాక్ష్యం కూడా. మేం వ్యాఖ్యానాలు రాసేవాళ్లం ప్రతిసారీ దాన్ని చరిత్రాత్మకమంటాం. అదే చరిత్ర ఆరుసార్లు ఎందుకు జరిగిందని అడిగేవాళ్లు తక్కువ.

లెక్క చూద్దాం. లా కమిషన్ 78వ నివేదిక ప్రకారం 1977 ఏప్రిల్ 1న దేశంలో 1,84,169 మంది ఖైదీలుంటే వారిలో 1,01,083 మంది విచారణ ఖైదీలు. నూటికి 55 మంది. నువ్వు బెయిలే నియమమన్నది ఆ ఏడాదే. జాతీయ నేర గణాంకాల సంస్థ 2022 లెక్కలో మొత్తం ఖైదీలు 5,73,220 మంది, విచారణ ఖైదీలు 4,34,302 మంది. నూటికి 75.8. జైళ్లలో చోటున్నది 4,36,266 మందికి. అంటే నేరం రుజువు కానివాళ్లతోనే దేశంలోని జైళ్లు దాదాపు నిండిపోయాయి, దోషులని తేలినవాళ్లు అదనం. నీ నియమం వయసు పెరిగేకొద్దీ, దానికి విరుద్ధంగా లోపలున్నవాళ్ల శాతం కూడా పెరిగింది. మిగతా పొగడ్తలన్నీ ఈ రెండు అంకెల ముందు చెప్పాల్సినవే.

నీకు వేగం చేతకాదనేవాళ్లు నిన్ను సరిగా చూడలేదు. 2020 నవంబరులో ఒక టీవీ సంపాదకుడు అర్ణబ్ గోస్వామి అరెస్టయితే, వారం తిరిగేసరికి నువ్వు మధ్యంతర బెయిలిచ్చావు. ఒక్క రోజు స్వేచ్ఛ పోయినా అది ఎక్కువేనని ఆ సందర్భంగా రాశావు. ఆ మాటను నేను నూటికి నూరుపాళ్లు నమ్ముతాను. అదే ఏడాది అక్టోబరు 5న హాథ్రస్ దారిలో పట్టుకున్న కేరళ విలేకరి సిద్దిఖ్ కప్పన్‌కు నీ బెయిలు దక్కింది 2022 సెప్టెంబరు 9న. మనీ లాండరింగ్ కేసులో ఇంకో బెయిలు తెచ్చుకుని, పూచీకత్తులు పూర్తయి, లక్నో జైలు దాటింది 2023 ఫిబ్రవరిలో. ఇద్దరూ ఒకే వృత్తివాళ్లు.

ఇంకా వేగంగా కదిలిన రోజు కూడా ఉంది, అది మా అమలాపురం మనిషి కోసం. ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా. పోలియో వల్ల తొంభై శాతం వైకల్యం, చక్రాల కుర్చీ. 2014 మేలో అరెస్టు, 2017 మార్చిలో గడ్చిరోలి కోర్టు యావజ్జీవం వేసింది. 2022 అక్టోబరు 14, శుక్రవారం, బాంబే హైకోర్టు నాగపూర్ బెంచ్ అతన్నీ సహనిందితులనూ విడుదల చేయమంది. మహారాష్ట్ర ప్రభుత్వం ఆ రోజే నీ దగ్గరికి పరుగెత్తింది. మర్నాడు శనివారం, సెలవు. నువ్వు సెలవునాడు ప్రత్యేకంగా కూర్చుని హైకోర్టు తీర్పును నిలిపేశావు. కనీసం గృహనిర్బంధమైనా ఇవ్వమన్న విన్నపాన్నీ కాదన్నావు. కేసు నడపడానికి ఇచ్చిన అనుమతిలోని లోపం ఒక్కటే చూసి హైకోర్టు తీర్పిచ్చిందని, కేసు లోతుల్లోకి వెళ్లలేదని నీ అభ్యంతరం. సరే, వెళ్లమని 2023 ఏప్రిల్‌లో తిప్పి పంపావు. 2024 మార్చి 5న అదే హైకోర్టులో వేరే ధర్మాసనం లోతుగా చూసి మళ్లీ నిర్దోషులంది. ఈసారి ప్రభుత్వం వచ్చి స్టే అడిగితే, తీర్పు సహేతుకంగా ఉందని నువ్వే నిరాకరించావు.

శనివారం నాడు నువ్వు పోగొట్టిన కాలం పదహారు నెలలకు పైనే. ఆ కేసులోనే మరో నిందితుడు పాండు నరోటే అప్పటికే, 2022 ఆగస్టులో, ఖైదీగానే చనిపోయాడు. సాయిబాబా బయటికొచ్చి ఏడు నెలలు బతికాడు. 2024 అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో పోయాడు. సెలవు రోజున కూడా పనిచేయగల శక్తి నీకుందని ఆ శనివారం దేశానికి చూపించావు. ఆ శక్తిని నేను మెచ్చుకుంటాను. ఒక మనిషిని లోపల ఉంచడానికి కాకుండా బయటికి పంపడానికి అలాంటి శనివారాలు ఇంకెన్ని కావాలో కూడా దానివల్లే తెలిసింది.

ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక) చట్టం దగ్గర నీ మాటల్లో సంపద మరీ ఎక్కువ. 2008లో చేర్చిన 43డి(5) ప్రకారం, ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు బెయిలు లేదు. 2019లో వతాలీ తీర్పులో, ప్రాసిక్యూషన్ కాగితాలను బెయిలు దశలో లోతుగా తరచి చూడవద్దన్నావు. 2021 ఫిబ్రవరిలో నజీబ్ తీర్పులో, ఏళ్లు గడిచినా విచారణ తేలకపోతే 21వ అధికరణం ఆ అడ్డుగోడను దాటుతుందన్నావు. 2024 ఫిబ్రవరిలో గుర్విందర్ సింగ్ కేసులో, ఈ చట్టం కింద జైలే నియమమన్నావు. అదే ఏడాది ఆగస్టులో జలాలుద్దీన్ ఖాన్ కేసులో, ఈ చట్టం కింద కూడా బెయిలే నియమమన్నావు. రెండూ నీ తీర్పులే, రెండూ అమల్లో ఉన్నవే. ఏ ఖైదీకి ఏది వర్తిస్తుందన్నది అతని అర్జీ ఏ ధర్మాసనం ముందుకు పోయిందన్న దాని మీద ఉంటుంది. గుడికంటి నరసింహులు కేసులో కృష్ణయ్యర్ పోగొట్టాలనుకున్నది సరిగ్గా ఈ జబ్బునే.

ఈ చట్టం కిందే 2020 అక్టోబరులో 83 ఏళ్ల స్టాన్ స్వామిని పట్టుకున్నారు. పార్కిన్సన్ జబ్బుతో చేతులు వణికే ఆ పాదిరి నీళ్లు తాగడానికి స్ట్రా, సిప్పర్ ఇప్పించమని కోర్టును అడిగితే, బదులివ్వడానికి దర్యాప్తు సంస్థ 20 రోజులు గడువు అడిగింది, కోర్టు ఇచ్చింది. 2021 జులై 5న, బాంబే హైకోర్టులో అతని బెయిలు వినాల్సిన రోజునే, చనిపోయాడన్న కబురు కోర్టుకు చేరింది. మా వరవరరావుకు ఆరోగ్య కారణాల మీద శాశ్వత బెయిలిచ్చింది నువ్వే, 2022 ఆగస్టులో. అతను అరెస్టయింది 2018లో. బెయిలు అర్జీ రెండు వారాల్లో తేలాలని ఆంటిల్ కేసులో నువ్వు పెట్టిన గడువు నీ గుమ్మం దగ్గర కూడా పనిచేయలేదు. ఇదే చట్టం కింద లోపలున్న ఉమర్ ఖాలిద్ 2023 ఏప్రిల్‌లో నీ దగ్గర వేసిన బెయిలు అర్జీ వాయిదాల మీద వాయిదాలు పడింది. కొన్ని వాయిదాలు అతని తరఫు న్యాయవాదులే అడిగారు, అదీ చెప్పాలి. చివరికి 2024 ఫిబ్రవరి 14న, వినకుండానే, దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆంటిల్ తీర్పును పాటించలేదని లక్నోలో ఒక సెషన్స్ జడ్జిని విధుల నుంచి తప్పించి శిక్షణకు పంపమన్నావు 2023లో. మంచి పని. పై మెట్లలో జరిగే ఆలస్యానికి శిక్షణ ఎక్కడ ఇస్తారు?

బెయిలు ఇచ్చాక కూడా అది జైలుకు చేరకపోవడం చూసి బాధపడింది మన జస్టిస్ ఎన్.వి. రమణ. 2021 జులైలో, నేరం నాటికి మైనర్లయిన 13 మందికి బెయిలిస్తే, ఆగ్రా సెంట్రల్ జైలు రోజుల తరబడి వదల్లేదు. ఉత్తర్వు కాగితం పోస్టులో రాలేదని సాకు. ఈ డిజిటల్ కాలంలో కూడా ఉత్తర్వులు తెచ్చే పావురాల కోసం ఆకాశం వైపు చూస్తున్నామని ఆయన అన్నాడు. అనడంతో ఆగలేదు, ఎలక్ట్రానిక్ రూపంలో ఉత్తర్వులు పంపే ఫాస్టర్ వ్యవస్థను 2022 మార్చి 31న ప్రారంభించాడు. అప్పటి కృష్ణా జిల్లా పొన్నవరం నుంచి వెళ్లిన ప్రధాన న్యాయమూర్తి చేసిన ఈ పని నిలిచే పని. మూడేళ్లకు, 2025లో, గాజియాబాద్ జైలు ఇంకో సాకు కనిపెట్టింది. నువ్వు ఏప్రిల్ 29న ఇచ్చిన బెయిలు ఉత్తర్వులో ఒక సెక్షన్‌కు ఉపసెక్షన్ అంకె రాయలేదని ఒక మనిషిని జూన్ 24 దాకా ఉంచింది. నువ్వు మండిపడి, ఐదు లక్షల పరిహారం ఇమ్మన్నావు. ఈ తీర్పును మనస్ఫూర్తిగా పొగుడుతాను, ఎందుకంటే ఇందులో మాటతో పాటు మూల్యం కూడా ఉంది. నలభై ఏడేళ్లలో నీ బెయిలు తీర్పుల్లో నేను వెతికింది ఇలాంటిదే. ఇది ఒక మనిషికి, ఒక్కసారి దక్కింది.

టీవీల్లో వ్యాఖ్యానం చెప్పేవాళ్లనూ పొగడాలి. 2023 సెప్టెంబరు 9న చంద్రబాబు నాయుడు నంద్యాలలో అరెస్టయ్యాక, రాజమహేంద్రవరం సెంట్రల్ జైల్లో ఆయన ఉన్న యాభై రోజులకు పైబడిన కాలంలో, తెలుగు ఇళ్లలో అవ్వలు కూడా క్వాష్ పిటిషన్ గురించి, అవినీతి నిరోధక చట్టం 17ఎ గురించి మాట్లాడుకున్నారు. ఆ 17ఎ మీద 2024 జనవరిలో నీ ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. అదే ఏడాది ఆగస్టు 27న కల్వకుంట్ల కవితకు బెయిలిస్తూ, చదువుకున్న మహిళకు, మనీ లాండరింగ్ చట్టంలో మహిళలకున్న మినహాయింపు వర్తించదన్నట్టు ఢిల్లీ హైకోర్టు అర్థం చెప్పడాన్ని తప్పుపట్టావు. ఆ వివరణ కూడా మన చానెళ్లు గంటల తరబడి చెప్పాయి. చట్టం ఇంత శ్రద్ధగా ప్రజలకు చేరడం మంచిదే. ఆ నాయకుల హక్కులు కూడా హక్కులే, వాటి మీద నాకు పేచీ లేదు. అదే రాజమహేంద్రవరం జైల్లో, అవే రోజుల్లో, పూచీకత్తు లేక ఉండిపోయిన విచారణ ఖైదీలకు 436ఎ అనే సెక్షన్ ఉందని చెప్పడానికి ఒక్క గంట కేటాయించిన చానెల్ నాకు కనబడలేదు. పేద ఖైదీల బెయిలుకు, మొదట్లో 40,000 రూపాయల దాకా ఇచ్చిన కేంద్ర పథకం 2023లోనే వచ్చింది. దాని పేరు కూడా ఆ చర్చల్లో వినబడలేదు.

ఇప్పుడున్న చట్టానికి వస్తాను. నువ్వు అడిగిన బెయిలు చట్టం రాలేదు. 2024 జులై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత వచ్చింది. అందులో 479వ సెక్షన్, గతంలో శిక్షపడనివాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే వదలమంటుంది. పాతవాళ్లకు కూడా ఇది వర్తిస్తుందని, జైలు సూపరింటెండెంట్లే అర్జీలు పెట్టాలని 2024 ఆగస్టు 23న నువ్వు త్వరగా చెప్పావు. చాలా మంచి ఉత్తర్వు. అదే సెక్షన్‌లో రెండో ఉపసెక్షన్ ఉంది. ఒకటికి మించిన నేరాలు గానీ, ఒకటికి మించిన కేసులు గానీ పెండింగులో ఉంటే ఆ మనిషిని వదలకూడదని దాని సారం. మన పోలీసు స్టేషన్‌లో ఒకే సెక్షన్ రాసి ఊరుకున్న ఎఫ్ఐఆర్ ఎన్ని చూస్తాం? రాత్రి ఇంట్లో దూరి చెంబు ఎత్తుకుపోయాడన్నా ఇంట్లో చొరబడటం ఒక నేరం, దొంగతనం ఒక నేరం. పాత దొంగతనాలు నాలుగు కలిపి పీటీ వారెంట్ల (జైల్లో ఉన్నవాణ్ణి ఇంకో కేసులో హాజరుపరిచేవి) మీద చూపిస్తే నాలుగు కేసులు. మూడో వంతు అనే వరం మొదటి ఉపసెక్షన్‌లో ఇచ్చి రెండో దానిలో తీసేసుకున్నారు. యావజ్జీవం పడే నేరాలను కూడా కొత్తగా ఈ వెసులుబాటు నుంచి తప్పించారు.

కనుక ఈసారి ఈ ఉపసెక్షన్‌కు అర్థం చెప్పు. ఒకే ఘటనలో రెండు సెక్షన్లు పెట్టినంత మాత్రాన ఇది అడ్డు కాదని చెప్పు. పూచీ తేలేని మనిషిని వారం దాటితే సొంత బాండు మీదే వదలాలని, దాటిన ప్రతి రోజుకూ గాజియాబాద్ లెక్కన పరిహారం రాష్ట్రం కట్టాలని చెప్పు. ఆ తీర్పు ఎలా ఉంటుందో నాకు తెలుసు, చాలా బాగుంటుంది. చివర ఎప్పటిలా ప్రతులను అన్ని హైకోర్టులకూ పంపమని రిజిస్ట్రీని ఆదేశిస్తావు. ఆ వాక్యం కింద ఇంకొకటి చేర్చు: ఆరు నెలలకు ఏ జిల్లాలో ఎందరు బయటికొచ్చారో లెక్క నీ బల్ల మీదికి రావాలని, వదలని కోర్టు ఏదో, అది హైకోర్టయినా, నీ సొంత ధర్మాసనమైనా, ఆ జాబితాలో పేరుతో సహా ఉండాలని.